వంటయింటి పొయ్యి: గ్యాసా, విద్యుత్తా?

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారును, అద్దెయిల్లు మాఱువారును, కొడుకుచేతనో కూతురిచేతనో వేఱు కాపురము పెట్టించువారును ఈ కాలమున తప్పక వేసికొను ప్రశ్న యొకటి గలదు. వంటకు గ్యాసుపొయ్యి పెట్టుకొనవలెనా, విద్యుత్తుపొయ్యి పెట్టుకొనవలెనా? అంగడివాని నడిగిన తన యొద్ద నున్న సరకునే పొగడును. పొరుగింటివారి నడిగిన తాము కొన్నదే మేలందురు. ఇందఱికిని ఒక్కటే సమాధానము చెప్పుట సాధ్యము కాదు. గోడలో దాగియున్న తీగె యెంత లావు, వంటయింటికి కిటికీ యున్నదా లేదా, అటకమీది గిన్నెలు ఏ లోహముతో చేసినవి, నెలకు మీటరు ఎన్ని యూనిట్లు తిరుగుచున్నది, అన్నిటికంటె ముఖ్యముగా ఆ పొయ్యియెదుట నిలుచువారెవరు, అను విషయములనుబట్టి సమాధానము మాఱుచుండును. మీ యింటికి మీరే తీర్పు చెప్పుకొనుటకు వలసిన సంగతులను మనవి చేయుదును. నాకును ఒక అభిప్రాయము గలదు, దానిని దాచను.

మన ముత్తవ్వలకు ఈ చిక్కు లేదు. కట్టెలు, పిడకలు, పొట్టుపొయ్యి, బొగ్గుల కుంపటి, తరువాత కిరసనాయిలు స్టవ్వు, దొరికినదానితో వండిరి. ఊదుగొట్టముతో ఊది ఊది కన్నులు ఎఱ్ఱచేసికొనని యిల్లాలు ఆ దినములలో లేదు. మన దేశమున వంటగ్యాసు 1955 ప్రాంతమున బొంబాయిలో అమ్మకమునకు వచ్చినది. 1965లో ఇండేన్ గ్యాసు కలకత్తాలో మొదలైనది. 1999లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దీపము పథకమును, 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రారంభించిన పిమ్మట పల్లెలలోని పేదయిండ్లకును సిలిండరు చేరినది. 2020లో ఇంటిపొగ కారణముగా ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. కావున కట్టెలపొయ్యి విడిచినవారు గ్యాసునకు పోయినను విద్యుత్తునకు పోయినను గొప్ప మేలే పొందినవారగుదురు. ఇక మనము తూచి చూడవలసినది రెండు మంచివస్తువుల నడుమనున్న తారతమ్యము.

మొదట గ్యాసు సంగతి. మన యింటి సిలిండరులో నున్నది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ఒత్తిడిచేత ద్రవమై యడుగున నిలిచియుండును. కావుననే సిలిండరును ఊపినపుడు లోపల నీళ్లవలె కదలుచున్నట్లు తోచును. రెగ్యులేటరు తెఱచిన యపుడు ఆ ద్రవము ఆవిరియై గొట్టముగుండ వచ్చి, బర్నరు మొదట గాలితో కలిసి, పైన మండును. గాలి చాలినంత కలిసిన మంట నీలముగా, నిశ్చలముగా నుండును. మంట పసుపుపచ్చనై గిన్నె యడుగున మసి పట్టుచున్న యెడల బర్నరు రంధ్రములు పూడినవనియో గాలి చాలుట లేదనియో తెలిసికొనవలెను. ఇట్లు అరకొరగా మండు గ్యాసునుండియే కార్బను మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. పాలు పొంగి బర్నరుమీద పడినపుడు దానిని ఆర్పి, చల్లారిన పిమ్మట సూదితో రంధ్రములు శుభ్రము చేయుట కేవలము చక్కదనమునకే యనుకొనరాదు.

ఈ మంట యొక్క వేడి అంతయు గిన్నెలోనికి పోవునా? పోదు. కొంత గిన్నె ప్రక్కలనుండి పైకెగసి వండువారి ముఖమునకు తగులును. కొంత పొయ్యి యినుమును, బల్లను వేడిచేయును. ఇంటివాడుక గ్యాసుపొయ్యి నూటికి 68 వంతుల వేడినైన పాత్రకు చేర్చవలెనని భారతీయ ప్రమాణము విధించుచున్నది. అది పరీక్షశాలలో, సరియైన పాత్రతో వచ్చు లెక్క. చిన్న గిన్నెక్రింద పెద్ద మంట పెట్టినచో అంతయు రాదు. మంట నాలుకలు గిన్నె అంచు దాటి కనబడుచున్నవనగా గ్యాసు వృథాగా కాలుచున్నదనియే యర్థము.

విద్యుత్తుపొయ్యి యనునది ఒక్క జాతి కాదు, ముగ్గురు అక్కచెల్లెండ్రు. పెద్దది చుట్టతీగె పొయ్యి. నికెలు, క్రోమియము కలిపిన తీగెను మట్టిపళ్లెములోని గాడిలో చుట్టలుగా అమర్చి కరెంటు పంపగా అది ఎఱ్ఱగా కాలును. విద్యార్థుల గదులలో దీనిని నేటికిని చూడవచ్చును. అగ్గువకు దొరకును గాని తీగె తెఱపిగా నుండును. తడిచేతితో ఇనుపగరిటె తగిలిన ప్రాణాపాయము. దీనిని ఎవరికిని సలహా యియ్యను. రెండవది అద్దపుపలక క్రింద తీగె ఎఱ్ఱగా కాలి, ఆ పలకగుండ వేడిని పంపునట్టిది. దీనిని ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి యందురు. ఏ లోహపు గిన్నెయైనను దీనిపై పెట్టవచ్చును. కాని నెమ్మదిగా వేడెక్కి, ఆపిన తరువాతను చాలసేపు చెయ్యి కాల్చుచుండును.

మూడవది ఇండక్షన్ పొయ్యి. నేడు విద్యుత్తుపొయ్యి యన్న చాలమంది దీనినే తలంచుదురు గనుక దీని సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. అద్దపుపలక క్రింద రాగితీగె చుట్ట యొకటి యుండును. దానిలో క్షణమునకు ఇరువదివేలసార్లకు పైగా దిశ మార్చు విద్యుత్ప్రవాహము పాఱును. అందుచేత చుట్టపైన అయస్కాంతక్షేత్రము పుట్టి, అదే వేగమున తిరుగబడుచుండును. ఆ క్షేత్రమున ఇనుపగిన్నె యడుగు వచ్చినపుడు ఆ యడుగులోనే సుడులు తిరుగు విద్యుత్తు పుట్టి, లోహముయొక్క నిరోధముచేత వేడియగును. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే యిది. ఇచ్చట పొయ్యి కాలదు, గిన్నెయే కాలును. పలక వేడెక్కుట గిన్నెనుండి దిగిన వేడిచేతనే. వేడి పుట్టుచోటును వాడుకొనుచోటును ఒక్కటే యగుటచేత నూటికి 80 మొదలు 90 వంతులవఱకు వేడి వంటకే చెందును. 2000 వాట్ల పొయ్యిమీద ఒక లీటరు నీరు సుమారు 3 నిమిషములలో మరగును. ప్రొద్దుటి కాఫీకి తొందరపడువారికి ఇదియొక్కటే చాలును.

ఖర్చు సంగతి అడుగని యిల్లుండదు గనుక ఒక చిన్న లెక్క చెప్పెదను. కాగితము, కలము దగ్గఱ నుంచుకొనుడు. ఒక కిలో గ్యాసు కాలిన సుమారు 12.8 యూనిట్ల విద్యుత్తునకు సమానమైన వేడి పుట్టును. సిలిండరులో 14.2 కిలోలు గలవు గనుక మొత్తము 180 యూనిట్ల చిల్లర. అందులో నూటికి 60 మొదలు 68 వంతులు గిన్నెకు చేరునని కొనిన 108 మొదలు 122 యూనిట్ల వేడి మనకు దక్కును. అదే వేడిని, నూటికి 85 వంతులు గిన్నెకు చేర్చు ఇండక్షన్ పొయ్యినుండి పొందవలెనన్న మీటరు సుమారు 130 మొదలు 140 యూనిట్లు తిరుగవలెను. కాబట్టి మీరు చేయవలసినది, సిలిండరునకు మీ చేతినుండి పోవు రూకలను 130చే భాగించుట. మాటవరుసకు సిలిండరు 910 రూపాయలైన, భాగఫలము 7 వచ్చును. మీ కరెంటు యూనిటు 7 రూపాయలకంటె తక్కువకు వచ్చుచున్న యెడల ఇండక్షన్ పొయ్యి చౌక. ఎక్కువకు వచ్చుచున్న యెడల గ్యాసు చౌక.

ఇందొక మెలిక గలదు. దానిని గమనింపక చాలమంది మోసపోవుదురు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటి కరెంటునకు శ్లాబుల పద్ధతి యున్నది. మొదటి కొన్ని యూనిట్లు చౌక, ఆపై యూనిట్లు ప్రియము. మీ యింట ఫ్యానులు, దీపములు, ఫ్రిజ్జు, టీవీ ఎట్లును ఉన్నవి. అవి చౌక యూనిట్లను ముందే తినివేసియుండును. పొయ్యికి పోవు యూనిట్లు అన్నిటికంటె పైమెట్టున నున్నవి. కావున బిల్లు మొత్తమును యూనిట్లచే భాగించి సగటు తీయుట తప్పు. మీ బిల్లులో కట్టకడపటి శ్లాబు ధర యేదో చూచి, దానినే ఆ 7 రూపాయలతో పోల్చవలెను. ఏసీ వాడు ఇండ్లలో వేసవి నెలల లెక్క వేఱు, చలికాలపు లెక్క వేఱు. తెలంగాణమున 2024లో మొదలైన గృహజ్యోతి పథకమున 200 యూనిట్లకు లోబడిన యిండ్లకు ఉచితవిద్యుత్తు లభించినది. అట్టి పథకము గల యింట, పొయ్యి మూలమున మీటరు ఆ హద్దు దాటినచో ఆ నెల ఉచితము పోయి, ఆదా యనుకొన్నది దండుగ యగును. నెలకొక సిలిండరు ఖర్చగు కుటుంబము వంటనంతయు ఇండక్షన్ మీదికి మార్చిన మీటరుపై 130 యూనిట్లకు పైగా కలియునని ఇప్పుడే చూచితిమి గదా. అట్లే ఆంధ్రప్రదేశమున 2024లో మొదలైన దీపము రెండవ విడత క్రింద ఏటికి 3 సిలిండర్లు ఉచితముగా పొందువారికి ఆ మూడింటివఱకు ఏ కరెంటును గ్యాసుతో పోటీపడజాలదు. ప్రభుత్వపు రాయితీలు మారుచుండును గనుక, లెక్క మాత్రము నేర్చుకొని యుంచుకొనుడు; అంకెలు ఏ నెలకానెల వేసికొనవచ్చును.

పొయ్యి వెలతో ఖర్చు ముగియదు. గిన్నెల ఖర్చు కూడ గలదు. ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతమునకు అంటుకొను లోహము కావలెను. మన వంటయిండ్లలో అటకలపై బోర్లించియున్నవి ఏవి? ఇత్తడిగుండిగ, రాగిబిందె, అల్యూమినియపు కుక్కరు, రాతిచిప్ప, మట్టికుండ. వీనిలో నొక్కటియు పనికిరాదు. పప్పుచారు రాతిచిప్పలోనే రుచియనువారు, చేపలపులుసు మట్టిపాత్రలోనే కాచవలెననువారు ఈ పొయ్యిమీద ఆశ పెట్టుకొనరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలలో కొన్ని అంటుకొనును, కొన్ని అంటుకొనవు; చూపునకు రెండును ఒక్కతీరుననే యుండును. కొనుటకు ముందు ఫ్రిజ్జు తలుపునకు అంటించు చిన్న అయస్కాంతమును ఒకదానిని పట్టుకొని పోయి గిన్నె యడుగునకు తాకించి చూచుట మంచిది. అంగడివాడు నవ్వినను నవ్వనిండు.

గిన్నె యడుగు సమతలముగ నుండుట రెండవ నియమము. మన బాణలి, బూరెలమూకుడు గుండ్రని యడుగు గలవి. అవి అద్దపుపలకమీద నిలువవు, నిలిచినను నడిమి చుక్క మాత్రమే కాలును. సంక్రాంతికి అరిసెలు, దసరాకు బూరెలు వండు యింట గ్యాసుపొయ్యి వలదనుకొనుట కష్టము. పుల్కాను నిప్పులమీద పొంగించుట, పచ్చడికి వంకాయ కాల్చుట, అప్పడము కాల్చుట, జొన్నరొట్టెను పెనముమీదినుండి తీసి సెగకు చూపుట, ఇవి మంట లేక జరుగు పనులు కావు. దోసె విషయమున ఇంకొక చిక్కు. చౌకరకము ఇండక్షన్ పొయ్యిలో రాగిచుట్ట చిన్నది; పెనము పెద్దది. నడిమిభాగము మాడుచుండగా అంచులు తెల్లగా మిగులును. దళసరి యడుగు గల ఇనుపపెనమును సన్నని సెగపై కొన్ని నిమిషములు ముందుగా కాగనిచ్చిన ఈ లోపము చాలవఱకు తగ్గును. ఆ పెనమును పలకమీద ఈడ్చిన గీతలు పడును, ఎత్తి పెట్టవలెను.

సెగ తగ్గించుట సంగతి కూడ చెప్పవలెను. గ్యాసుమంట కంటికి కనబడును. తిప్పినకొలది తగ్గును, పెరుగును. చెయ్యి దానికి అలవాటుపడియున్నది. ఇండక్షన్ పొయ్యిలో అంకెలు కనబడును. ఆ అంకెలను నమ్ముటకు పది దినములు పట్టును. అదియును గాక, చౌకరకములు చిన్నసెగ యనగా సెగను నిజముగా తగ్గింపవు. కొన్ని క్షణములు పూర్తిసెగ యిచ్చి, కొన్ని క్షణములు ఆపి, మరల పూర్తిసెగ యిచ్చును. అందుచేత పాలు ఒక్కసారి పొంగుట, అంతలో చల్లబడుట జరుగుచుండును. పాకము పట్టువారికి, కోవా కాచువారికి ఇది ప్రాణసంకటము. అన్నము, పప్పు, టీ, నీళ్లు, కూరగాయలు ఉడికించుట, వీనికి మాత్రము ఈ హెచ్చుతగ్గులు లెక్కకు రావు.

ఇక గోడలోని తీగె. 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగును. సెల్‌ఫోను చార్జరు పెట్టు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే తగినది. అందులో నీ పొయ్యిని, అందును పొడిగింపుతీగెతో, తగిలించుట అగ్నిప్రమాదమును ఆహ్వానించుటయే. 16 ఆంపియర్ల పెద్దప్లగ్గు, దానికి నేరుగా మీటరుపెట్టెనుండి తగినంత లావు గల రాగితీగె, నమ్మదగిన ఎర్తు కావలెను. పాతయిండ్లలో ఈ పనికి అగు ఖర్చు తఱచుగా పొయ్యి వెలను మించును. సాయంకాలము వోల్టేజి పడిపోవు ఊళ్లలో పొయ్యి నడుమనే నిలిచిపోవును. కరెంటు పోయినపుడు ఇంటి ఇన్వర్టరు దీనిని మోయజాలదు. వైశాఖమాసపు గాలివానకు రాత్రియంతయు కరెంటు లేని పల్లెలో పసిబిడ్డకు పాలు కాచవలసి వచ్చినపుడు గ్యాసుపొయ్యి విలువ తెలియును.

ఇంతవఱకు చెప్పినవన్నియు సొమ్మునకును సదుపాయమునకును సంబంధించినవి. నేను ఎక్కువ బరువిచ్చునది గాలికి. ఒక కిలో గ్యాసు కాలుటకు సుమారు 12 ఘనమీటర్ల గాలి కావలెను. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల యెత్తు గల వంటగదిలో ఉన్న గాలియంతయు 23 ఘనమీటర్లకు మించదు. ఆ కిలో గ్యాసు కాలి సుమారు 3 కిలోల బొగ్గుపులుసు వాయువును, ఒకటిన్నర కిలోకు పైగా నీటియావిరిని గదిలోనికి విడుచును. వానకాలమున కిటికీ మూసి వండిన గోడలు చెమర్చుటకు ఇదియే కారణము. మంట వేడికి గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నైట్రొజన్ డయాక్సైడు అను వాయువు కూడ పుట్టును. ఇది కంటికి కనబడదు. ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు ఊపిరితిత్తులలో మంట పుట్టించును. బయటిగాలిలోనైనను ఇంటిగాలిలోనైనను ఇది ఘనమీటరునకు సంవత్సరపు సగటున 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించినది. కిటికీ లేని ఇఱుకు వంటగదిలో రెండు బర్నర్లు గంటసేపు మండినచో ఆ గదిగాలి ఆ సమయమున ఈ అంకెను ఎన్నోమడుగులు దాటగలదు. నగరములలో అంతస్తుల యిండ్లు కట్టువారు వంటగదిని నడవ చివరనో, గాలిగూటివైపునో త్రోసివేయుచున్నారు. ఇల్లు చూడబోయినపుడు హాలు ఎంత పెద్దదని యడుగువారేగాని వంటగది గాలి యెటు పోవునని యడుగువారు అరుదు. ఆ గదిలో దినమునకు నాలుగుగంటలు నిలుచునది ఇల్లు చూచి బేరమాడు పురుషుడు కాకపోవుటయే యిందుకు కారణమేమో!

ఇండక్షన్ పొయ్యిలో మంట లేదు గనుక ఈ వాయువులు పుట్టవు. గదియు అంతగా కాగదు. మే నెలలో రామగుండములోనో విజయవాడలోనో మధ్యాహ్నము వండినవారికి ఈ రెండవ మేలు ఎంతటిదో చెప్పనక్కఱలేదు. ఐనను ఒక భ్రమ కూడదు. ఎండుమిరపకాయలు వేపిన ఘాటు, కాగిన నూనెపొగ, ఏ పొయ్యిమీదనైన ఒక్కటే. పొగ పీల్చు యంత్రము కొనదలచినవారు గాలిని గొట్టముద్వారా ఇంటిబయటికి పంపునట్టి దానినే కొనవలెను. గాలిని వడియగట్టి మరల గదిలోనికే విడుచు రకము నూనెజిడ్డును పట్టునేమో గాని నైట్రొజన్ డయాక్సైడును పట్టదు.

ప్రమాదముల విషయమున రెండింటికిని వేర్వేరు గుణములు గలవు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారిన గ్యాసు నేలమీదనే పాకి మూలల నిలుచును. దానికి స్వతస్సిద్ధముగా వాసన లేదు. మనము గుర్తుపట్టుటకే మెర్కాప్టాను అను దుర్గంధద్రవ్యమును కలుపుదురు. ఆ వాసన తగిలినపుడు స్విచ్చి వేయుటయు కూడదు, ఆర్పుటయు కూడదు. రెండింటను నిప్పురవ్వ పుట్టును. రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెఱచి, అందఱును వెలుపలికి వచ్చి, అచ్చటనుండి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను. రబ్బరుగొట్టము ఐదేండ్లకొకసారి మార్చవలెను. పైకి బాగుగనే కనబడుచున్నదని ఊరకుండరాదు. హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి నగరములలో కొన్ని పేటలకు గొట్టములద్వారా వచ్చు సహజవాయువు స్వభావము దీనికి విరుద్ధము. అది గాలికంటె తేలికయై కప్పుక్రింద చేరును. కావున సిలిండరు గల యింట గాలి పోవు మార్గము నేలదగ్గఱను, సహజవాయువు గల యింట కప్పుదగ్గఱను తప్పక యుండవలెను.

చీరకొంగునకు నిప్పంటుకొనుట మన యిండ్లలో ఎన్నటినుండియో యున్న ఘోరము. పొయ్యివెనుక గూటిలోని డబ్బా కొఱకు మంటపైనుండి చేయి చాచుటయే అనేక పర్యాయములు దానికి మూలము. ఇండక్షన్ పొయ్యికి ఈ భయము చాలవఱకు లేదు. గిన్నె తీసిన వెంటనే అది తనంత తానే ఆగును. ఇన్ని నిమిషములకు ఆగుమని ముందే చెప్పియుంచవచ్చును. పొయ్యిమీద పాలు పెట్టి మఱచిపోవు వయసు వచ్చినవారికి, బిడ్డలు దూరదేశములలో నుండి తాము ఒంటరిగా నున్న దంపతులకు, ఈ ఒక్క గుణముచేతనే నేను ఇండక్షన్ పొయ్యిని గట్టిగా చెప్పుదును. ఐతే గుండెలో పేస్‌మేకరు అమర్చుకొన్నవారు పొయ్యికి రెండడుగుల దూరమున నుండుట మంచిది. కొనుటకు ముందు తమ వైద్యుని అడుగవలెను.

విద్యుత్తు నిర్మలమైనదని, గ్యాసు మలినమైనదని కొందఱు వాదింతురు. వంటగదిలో అది నిజమే. కాని మన దేశపు విద్యుత్తులో ఎక్కువభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. మన గదిలో పుట్టని పొగ రామగుండములోనో, కొత్తగూడెములోనో, ఇబ్రహీంపట్నములోనో గొట్టముగుండ పైకి పోవుచున్నది. గ్యాసు మాత్రము మన సొంతము కాదు. మనము వాడుదానిలో సగమునకు మించి విదేశములనుండి ఓడలపై రావలసినదే. విశాఖపట్టణమున భూమిక్రింద రాతిని తొలిచి, 60,000 టన్నుల గ్యాసు నిలువచేయు గుహను 2007లో సిద్ధము చేసిరి. సముద్రముపై వచ్చిన గ్యాసును అట్లు కొండక్రింద దాచుకొనుచున్నాము. సూర్యకాంతినుండి తీయు విద్యుత్తు ఏటేట పెరుగుచున్నందున పదిపదునైదేండ్లలో ఈ తూకము విద్యుత్తువైపు మొగ్గునని నా ఊహ. నేటి పొయ్యిని నేటి లెక్కకే కొనవలెను గాని, ఇల్లు కట్టువారు మాత్రము వంటగది బల్లపైన పెద్దప్లగ్గు ఒకటి, దానికి వేఱు తీగె ఒకటి ఇప్పుడే వేయించుకొనవలెను. గోడ పూసిన పిమ్మట పగులగొట్టుట ఇంటివారికే కష్టము.

ఇక నా అభిప్రాయము. ఒక్కటే పెట్టుకొనవలెనను నియమమున్న యెడల కిటికీ లేని వంటగదికి ఇండక్షన్ పొయ్యి. తీగె నమ్మరాని యింటికి, కరెంటు నిలువని ఊరికి గ్యాసుపొయ్యి. కిటికీయు లేక, తీగెయు సరిగా లేని అద్దెయిల్లు ఐన, పొయ్యి మార్చుటకంటె ఇల్లు మార్చుట మేలు. అట్టి నియమము లేనివారు రెండును ఉంచుకొనుట తెలివి. మరిగించుట, ఉడికించుట ఇండక్షనునకు. పోపు, వేపుడు, రొట్టె, పండుగవంట గ్యాసునకు విడిచిన, నెలకు సిలిండరు ఖర్చుచేయు కుటుంబమునకు అది రెండునెలలకు దగ్గఱగా వచ్చును. మీటరుపై పడు భారమును సగమునకు తగ్గును. ఒకటి చెడినపుడు రెండవది ఆదుకొనును. మా యింట ఈ పద్ధతియే సాగుచున్నది. ఏ పొయ్యిమీదనైనను బియ్యము అరగంట నానబెట్టుట, పప్పు రెండుగంటలు నానబెట్టుట, గిన్నెపై మూత వేయుట, పొంగు రాగానే సెగ తగ్గించుట, ఈ నాలుగు అలవాట్లు గల యిల్లాలు పొయ్యి మార్చకయే చాల ఆదా చేయగలదు.

రెండును ఒకే బల్లపై పెట్టువారు వాని నడుమ రెండడుగుల ఎడమైన ఉంచవలెను. గ్యాసుసెగ ప్రక్కనున్న పొయ్యి లోపలి విద్యుత్ పరికరములను చెఱుచును. ఇండక్షన్ పొయ్యి యడుగున గాలి పీల్చు చిన్న ఫ్యాను ఉండును. దాని జాలికి గోడనో గుడ్డనో అడ్డము పెట్టరాదు. ఆ వెచ్చదనమునకు మరిగి బొద్దింకలు లోనికి దూరి గ్రుడ్లు పెట్టుటయు, పిండియు తాలింపునూనెయు చేరి జాలి పూడుటయు ఈ పొయ్యిలు త్వరగా చెడుటకు సామాన్యమైన కారణములు. పదునైదు దినములకొకసారి ప్లగ్గు తీసి, పొయ్యిని బోర్లించి, పొడిబ్రష్షుతో ఆ జాలిని దులుపవలెను. తడిగుడ్డ మాత్రము తగిలింపరాదు.